హల్లపట్టిలో ఐదో గుంత

కామారెడ్డి కొత్త జిల్లా అయిన మరుసటి వేసవిలో నేను ఎల్లారెడ్డి సబ్ డివిజన్‌లో డిప్యూటీ ఇంజనీరుగా ఉన్నాను. బిచ్కుంద వైపు పనులు కూడా ఇన్‌ఛార్జిగా నేనే చూసేవాణ్ణి. అక్కడొక ఊళ్లో ధాన్యం గోదాము కట్టాలి. పునాది ఎంత లోతు వేయాలో తేల్చడానికి ముందుగా గుంతలు తవ్వి మట్టి చూస్తాం. నాలుగు మూలలా నాలుగు తవ్వించాను. అన్నిట్లోనూ గట్టి మొరం. ఎస్టిమేటును కామారెడ్డిలో ఉండే నా పై అధికారి ఈఈ గారికి పంపి నిశ్చింతగా కూర్చున్నాను.

ఆ వారంలోనే సావిత్రి మా ఆఫీసుకు వచ్చింది. తాడ్వాయి రైతుల బిడ్డ. యూనివర్సిటీలో తెలుగు పరిశోధకురాలు, పొలాల పేర్లు సేకరిస్తోంది. ఫెలోషిప్ ఇంకో ఏడాది పొడిగించాలంటే ఆ పరిశోధన సమాజానికి పనికొస్తుందని ఏదైనా ప్రభుత్వ శాఖ లేఖ ఇవ్వాలట. అప్పటికే మూడు ఆఫీసులు నవ్వి పంపించాయి.

నేనూ నవ్వాను. "పొలాల పేర్లు రాసుకుంటే సర్కారు పైసలిస్తదా అమ్మా? మా అటెండరుకు చెప్తే పొద్దుగూకేసరికి రాసుకొస్తడు."

"పేర్లయితే రాసుకొస్తడు సార్. గా పేర్లు ఎందుకొచ్చినయో రాసుకొస్తడా?"

కాస్త ఆటపట్టిద్దామని ఒక షరతు పెట్టాను. మర్నాడు గోదాము స్థలంలో పునాదికి ముగ్గు పోయిస్తున్నాం. ఆ చెలక పేరు కనుక్కొని, అది నాకెందుకు పనికొస్తుందో చెబితే సంతకం పెడతానన్నాను. పనికిరాదని నాకు గట్టి నమ్మకం.

మర్నాడు జీపులో నా వెంట వచ్చింది. పక్క చేనులో పత్తికట్టె పీకుతున్న నర్సవ్వను అడిగింది.

"గది హల్లపట్టి బిడ్డా."

"హల్లప్ప అనే ఆయన పట్టా భూమి అయి ఉంటది," అన్నాను నేను అనుభవజ్ఞుడిలా.

నర్సవ్వ నన్ను జాలిగా చూసింది. "హల్లప్ప ఎవడు లేడు సారు. మా అత్త కన్నడపామె. వాగును హళ్ళ అంటుండె. గీడికెళ్లి వాగు పోతుండెనట. నేను కాపురానికి వచ్చేసరికే పూడ్చి దున్నిండ్రు."

"ఎటుకెళ్లి పోతుండె అవ్వా?" అంది సావిత్రి.

అవ్వ చేతిలోని పత్తికట్టెతో చూపించింది. సరిగ్గా నా ముగ్గు గీతల నట్టనడుమ నుంచి.

మేస్త్రీలు మొహాలు తిప్పుకొని నవ్వు ఆపుకుంటున్నారు. పరువు నిలుపుకోవడానికి అక్కడే ఐదో గుంత తవ్వమన్నాను. నడుం లోతు దిగినా మొరం తగల్లేదు. ఇంకాస్త కింద ఇసుక, నున్నటి గులకరాళ్లు. సగం మొరం మీద, సగం ఇసుక మీద నిలబడిన గోడ ఒకవైపు కుంగి పగులుతుంది. తర్వాత వచ్చే విచారణ నివేదికలో మొదటి పేరు నాదే ఉండేది.

స్థలం మార్చాలని ఫోన్లో చెబితే, దేని ఆధారంగా అని ఈఈ గారు అడిగారు. ఒక అవ్వ, ఒక తెలుగు పరిశోధకురాలు అన్నాను. ఆయన ఫైల్లో మాత్రం 'స్థానిక విచారణ' అని రాయమన్నారు.

సావిత్రికి లేఖ రాసి ఇచ్చాను. ఫెలోషిప్ పొడిగించారు. కానీ నెల తిరగకముందే ఆమె ఆ ఉత్తర్వు పట్టుకొని మళ్లీ వచ్చింది. ఇకపై భవనాలు కట్టబోయే స్థలాల పేర్లకే పరిశోధనను పరిమితం చేసుకోవాలని యూనివర్సిటీ కమిటీ అందులో సూచించింది.

"మా దిక్కు ఏడ్చినోళ్ల మడి అని ఒకటున్నది సార్. ఆడ ఎవలు ఏడ్చిండ్రో తెల్సుకుందామని రెండేండ్ల సంది తిరుగుతున్న. దాని మీద ఎవ్వలు ఏం కడ్తలేరు. ఇడిసిపెట్టాల్నా?"

తప్పు నా లేఖదే. అందులో గోదాము గురించి తప్ప ఇంకేమీ రాయలేదు. అందుకని రెండో లేఖ రాశాను: 'ఏ పేరు ఎందుకు పనికొస్తుందో ముందుగా నిర్ణయించే సాంకేతిక అర్హత ఈ కార్యాలయానికి లేదు. హల్లపట్టి విషయంలో ఇది రుజువైంది. కావున అన్ని పేర్లూ సేకరించవలసిందే.' కింద ఆఫీసు ముద్ర గట్టిగా నొక్కాను.

కమిటీ నుంచి జవాబు రాలేదు. ఆఫీసు భాషలో జవాబు రాకపోవడమంటే అనుమతేనని సావిత్రికి ధైర్యం చెప్పాను.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఏ స్థలానికి వెళ్లినా, గుంతలు తవ్వించే ముందు దాని పేరు అడిగాను. చాలా పేర్లు నా పనికి రాలేదు. అవి కూడా రాసి సావిత్రికి పంపాను.