కనకరత్నంగారి ‘అలాగేనండీ’

కలిదిండిలో వెంకట్రాజుగారి అరుపు వినపడని రోజు లేదు. చేపల చెరువు గట్టు మీద నిలబడి ఆయన మేత వేసేవాళ్ళని కేకలేస్తే, అటు రోడ్డు మీద పోయే బస్సులో కునికిపాట్లు పడేవాళ్ళు కూడా లేచి కూర్చునేవారు. ఈ అరుపులన్నిటికీ ఇంట్లో ఆయన భార్య కనకరత్నంగారు ఇచ్చే జవాబు మాత్రం ఒక్కటే. "అలాగేనండీ."

ఆ మాట ఆవిడ సొంతం కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు వెంకటనరసమ్మగారు నేర్పింది. "వాడితో వాదన పెట్టుకోకమ్మా. ఏమన్నా అలాగేనండీ అనెయ్యి. ఆనక నీకేది బాగుంటే అది చేసుకో," అని చెవిలో చెప్పి, తన మొగుడి మీద ప్రయోగించి చూపించింది కూడా.

కనకరత్నంగారు ఆ విద్యలో అత్తగారిని మించిపోయారు. ఇంటికి ఆకుపచ్చ రంగు వేయించమన్నారు రాజుగారు. "అలాగేనండీ" అన్నారీవిడ. ఇల్లు లేత పసుపు రంగులో తేలింది. కూతురు తేజశ్రీని ఇంజనీరింగులోనే చేర్చాలన్నారు. "అలాగేనండీ." ఆ పిల్ల శుభ్రంగా వ్యవసాయం చదివి అత్తిలిలో ఉద్యోగం చేసుకుంటోంది. కొల్లేరు వైపున్న చెరువు అమ్మేసి ఎక్కడో ఇళ్ళ స్థలాలు కొంటానని ఒక ఏడాది ఊగిపోయారు. "అలాగేనండీ." బేరానికి వచ్చిన వాళ్ళకి కాఫీలిచ్చి, ఆ చెరువులో నీళ్ళు నిలవవండీ పాపం అని మెల్లగా చెప్పి సాగనంపేశారావిడ. రాజుగారు ఏనాడూ ఇదేమిటని అడగలేదు. ఆయనకి ఏదీ గుర్తుండదులే అనుకునేవారు కనకరత్నంగారు. మొగుణ్ణి మరీ అంత తక్కువ అంచనా వేసుకోవడం ఆవిడ చేసిన ఒకే ఒక్క పొరపాటు.

ఒకరోజు పొద్దున్న ఆవిడ వంటింట్లో బెండకాయలు తరుగుతుండగా చెరువు వైపు నుంచి అరుపు ఆగిపోయింది. మాట మధ్యలో ఆగిపోయింది. కత్తిపీట అక్కడే వదిలేసి పరిగెత్తారావిడ. ఊళ్ళో మరో పదిమంది కూడా అప్పటికే గట్టెక్కేశారు, ఏం కొంప మునిగిందోనని. రాజుగారు తవుడు బస్తా మీద కూలబడి ఉన్నారు. ఒళ్ళంతా చెమట.

"వీపు చీలిపోతోంది రత్నం," అన్నారు. అరవకుండా అన్నారు. అది విని ఆవిడ వెంటనే అంబులెన్సుకి ఫోన్ చేయించారు.

అంబులెన్సు కొల్లేరు దాటి ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి చేర్చింది. డాక్టరు ఫణీంద్ర కుర్రవాడు. రెండు చేతులకీ బీపీ చూసి, రెండూ పొంతన లేకుండా ఉన్నాయని మొహం చిట్లించి, వెంటనే స్కానుకి పంపించాడు. స్కాను చూశాక కనకరత్నంగారిని పక్కకి పిలిచాడు.

"గుండెలోంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం ఉంటుందండీ. దాని లోపలి పొర చిరిగింది. ఆ చిరుగులోంచి రక్తం పొరల మధ్యకి పోతోంది. బీపీ ఎక్కువగా ఉంటే చిరుగు ఇంకా పెరుగుతుందండీ."

"నీళ్ళు గట్టుని లోపలినుంచి కోసేస్తున్నట్టాండీ?"

"అలాంటిదేనండీ."

"అయితే ముందు నీళ్ళు దించాలి కదండీ."

"అదే చేస్తున్నామండీ. ఇది చిరిగిన చోటుని బట్టి ఇప్పటికి ఆపరేషన్ అక్కర్లేదు. నొప్పి తగ్గాలి, గుండె వేగం తగ్గాలి, బీపీ పై అంకె నూట ఇరవై లోపుకి రావాలి. మందులు ఎక్కిస్తున్నాం. మీరు చెయ్యాల్సింది ఒకటుంది. ఆయన కంగారు పడకూడదు. ఏమన్నా కాదనకండి. అన్నిటికీ ఒప్పేసుకోండి."

కనకరత్నంగారికి ప్రాణం లేచొచ్చింది. ఇంత పెద్ద జబ్బులో తనకి చేతనైన పని ఇంత తేలిగ్గా దొరుకుతుందని ఆవిడ అనుకోలేదు. "అది నాకు అలవాటేనండీ," అన్నారు.

లోపల రాజుగారు వైర్ల మధ్య పడుకుని ఉన్నారు. తలవైపు తెర మీద అంకె నూట అరవై దగ్గరుంది. నర్సు రేష్మా సిరంజి పంపు దగ్గర నిలబడి మందు సరిచేస్తోంది.

"తేజశ్రీకి కబురు చెప్పకు. పిల్ల కంగారుపడుతుంది," అన్నారు రాజుగారు.

"అలాగేనండీ."

అంకె నూట డెబ్భై అయింది. రేష్మా మందు కొంచెం పెంచింది.

"చెరువులో గాలి కొట్టే ఏరియేటర్లు ఆపొద్దని చెప్పావా?"

"అలాగేనండీ, చెప్తానండీ."

నూట డెబ్భై ఎనిమిది. కనకరత్నంగారు గొంతు ఇంకా మెత్తన చేశారు. ఈసారి మాటకి ముందే తలూపడం మొదలుపెట్టారు. ఆవిడ ఎంత ఒప్పుకుంటే అంకె అంత పైకెక్కింది. రేష్మా ఒకసారి పంపునీ, ఒకసారి తెరనీ, చేతికి కట్టిన పట్టీనీ చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

రాజుగారు ఆక్సిజన్ మాస్కు కాస్త పక్కకి జరిపి, భార్య కళ్ళలోకి చూస్తూ అడిగారు. "రత్నం, నాకేం కాదు కదా?"

"అలాగేనండీ," అన్నారు కనకరత్నంగారు.

రాజుగారి కళ్ళు ఇంతింత అయ్యాయి. అంకె నూట తొంభై దాటింది. యంత్రం గోల పెట్టింది. ఫణీంద్ర పరిగెత్తుకొచ్చాడు. "ఏం మాట్లాడారండీ ఆయనతో?"

"ఏమీ లేదండీ. ఒప్పుకున్నానంతేనండీ."

"చంపేసింది డాక్టరుగారూ!" అన్నారు రాజుగారు. "నేనింక బతకను. అలాగేనండీ అనేసింది!"

డాక్టరు అర్థంకాక ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఆవిడ అలాగేనండీ అన్నదేదైనా ఇన్నేళ్ళలో జరిగిందేమో అడగండి! ఆకుపచ్చ రంగన్నాను, పసుపేయించింది. చెరువు అమ్ముతానన్నాను, బేరగాళ్ళని తరిమేసింది. నాకు తెలీదనుకుంటోంది. ఇంట్లో బెండకాయ వేపుడు తినాలనుంటే ఇవాళ బెండకాయ వద్దని చెప్పుకుని బతుకుతున్నానండీ నేను!"

కనకరత్నంగారు మంచం ఊచ పట్టుకుని నిలబడిపోయారు. వారానికి రెండుసార్లు బెండకాయ వద్దనే మనిషి, వండిన బెండకాయ ఎందుకు మిగల్చడో అప్పుడు తెలిసిందావిడకి. ఇంకెప్పుడైనా అయితే నవ్వి ఉండేవారు. ఇప్పుడు నవ్వు రాలేదు. ఇన్నేళ్ళూ ఈ మనిషితో కాపురం నెట్టుకొచ్చిన మాటే ఇవాళ ఈ మనిషిని తీసుకుపోయేలా ఉంది. పోనీ నిజం చెబుదామంటే, ఏ నోటితో చెప్పినా నమ్మడు.

ఫణీంద్ర ఇంకో మందు మొదలుపెట్టమని రేష్మాకి చెప్పాడు. "అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి."

"ఉండనివ్వండి," అన్నారు రాజుగారు. "రత్నం, నేను పోతున్నాను. పోయాక ఆ కొల్లేరు చెరువు అమ్మేసెయ్."

అమ్మొద్దనే ఆయన ఉద్దేశం. ఇప్పుడది ఆవిడకి తెలుసు. అలవాటుగా నోటిదాకా వచ్చిన మాటని పళ్ళ మధ్య నొక్కిపెట్టారు.

"కాదండీ," అన్నారు.

"ఏంటీ?"

"కాదండీ అన్నానండీ! అమ్మను. మీరు పోరు. తేజశ్రీకి నేను ఫోన్ చేసేశాను, వచ్చేస్తోంది. చెరువు దగ్గర ఏరియేటర్లు ఆడుతూనే ఉన్నాయి. మీరు నోర్మూసుకుని పడుకోండి!"

ఆ గొంతు ఆవిడకి ఉందని ఆవిడకే తెలీదు. పక్క మంచం మీది రోగి దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. అందరూ తెర వైపు తిరిగారు.

నూట తొంభై. నూట ఎనభై రెండు. రాజుగారు భార్యని ఎప్పుడూ చూడనట్టు చూస్తున్నారు. కాదండీ అంటే ఏమవుతుందో ఆయనకి అనుభవం లేదు. వెనక్కి తిప్పి చూసుకోవడానికి ఒక్క ఉదాహరణ కూడా లేదు. అన్నది అన్నట్టుగా నమ్మడం తప్ప గత్యంతరం లేకపోయింది.

"పోనంటావా?"

"పోరండీ. పోనివ్వను."

రాజుగారు మాస్కు తనే సర్దుకుని కళ్ళు మూసుకున్నారు. అంకె దిగుతూ దిగుతూ మధ్యాహ్నానికి నూట పదిహేను దగ్గర ఆగింది. రెండో మందు బాగా పనిచేసిందని డాక్టరు కేసుషీటులో రాసుకున్నాడు. పనిచేసే ఉంటుంది, ఎవరు కాదన్నారు? రేష్మా మాత్రం ఆ రోజు నుంచి కనకరత్నంగారు కనిపిస్తే లేచి కుర్చీ వేసేది.

ఇంటికి పంపేటప్పుడు ఫణీంద్ర గట్టిగా చెప్పాడు. బీపీ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. బరువులెత్తకూడదు, అరవకూడదు. ఉప్పు బాగా తగ్గించాలి. రాజుగారికి మిగతావన్నీ ఒక ఎత్తు, ఉప్పు ఒక ఎత్తు. చేపల చెరువున్న మనిషిని చప్పిడి పులుసు తినమంటే ఎలా? ఊళ్ళోకి వచ్చాక అరుపు మానేశారు. బస్సులో వాళ్ళు హాయిగా నిద్రపోతున్నారు. కనకరత్నంగారు కూడా ఆసుపత్రి మంచం పక్కన వదిలేసిన ఆ పాత మాటని మళ్ళీ ముట్టుకోలేదు. ఔనంటే ఔను, కాదంటే కాదు. ఇల్లంతా ఎవరిదో అన్నట్టు ఉంది ఆయనకి.

ఒకరోజు శీలావతి చేప పులుసు ఉడుకుతోంది. వాసనకి రాజుగారికి ప్రాణం మీదికొచ్చింది. వంటింటి గుమ్మంలో నిలబడి, ఏమీ ఎరగనట్టు, పాత ఉపాయం తీశారు.

"రత్నం, పులుసులో ఉప్పు అస్సలు వెయ్యకు."

కనకరత్నంగారు వెనక్కి తిరగలేదు. గరిటె తిప్పుతూ, "అలాగేనండీ," అన్నారు.

ఆ మాట విని ఎన్నాళ్ళయిందో! రాజుగారు ఉత్సాహంగా చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చున్నారు. ఆవిడ వేడన్నం పెట్టి, పెద్ద ముక్క చూసి పులుసు పోశారు. ఆయన పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు.

నమలడం ఆగింది.

"ఉప్పు లేదు," అన్నారు.

"మీరే వద్దన్నారు కదండీ."

ఆయన తలెత్తి చూశారు. ఆవిడ గరిటె పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడ నోట అలాగేనండీ విని, ఆయన చెప్పింది చెప్పినట్టు జరగడం అదే మొదలు. రాజుగారు కంచం దగ్గరికి లాక్కుని, ఆ చప్పిడి పులుసన్నం మెతుకు మిగలకుండా తిన్నారు.