ఇంకొక్క నిలువు

నందిగామ బస్సులో సీటు కింద చిరుతపిల్లను దాచి తెచ్చానని నేను చెబితే నమ్మినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ కోతవల్ల ఎవరికీ నష్టం లేదు. వత్సవాయి పక్కన మా మేనమామ చేలో బావి సంగతి అలాంటిది కాదు. నేను కోసిన కోతల్లో నేనే నమ్మింది అదొక్కటే.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో నాకు నీళ్ళు చూసేవాడినని పేరొచ్చింది. రెండుగా చీలిన వేప పంగను రెండు చేతులా పట్టుకుని చేలో నడుస్తుంటే ఒకచోట దాని కొస కిందికి వంగేది. మొదట సరదాకే పట్టుకున్నాను. చూపించిన రెండు చోట్ల నీళ్ళు పడ్డాయి. మూడోచోట పడలేదు, ఎవరో చెప్పుకాళ్ళతో నేను గీసిన ముగ్గు దాటారన్నాను. నాలుగోచోటా పడలేదు, ఒక నిలువు, అంటే మనిషి లోతు, ముందే ఆపేశారన్నాను. పడితే నా గొప్ప, పడకపోతే ఎదుటివాడి తప్పు.

మావయ్య బావికి ఏడు నిలువులు దిగారు. పైన వదులు మట్టి, కింద నాపరాయి. చెమ్మ కూడా తగల్లేదు. రాతిలో తూటా పెట్టి పేల్చిన ప్రతిసారీ ఉత్తరపు గోడ నుంచి పెళ్ళలు రాలుతున్నాయి. కింద నలుగురు మనుషులు. మా వైపు ఒక పట్టింపు ఉండేది. కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టిన బావిని నీళ్ళు చూసినవాడే "చాలు" అనాలి. చేనుగలవాడు ఆపితే ఇంటికి అరిష్టం. తవ్వేవాడు ఆపితే ఆ చుట్టుపక్కల వాడికి ఇంకో బావి దొరకదు. కాబట్టి ఆ నలుగురినీ పైకి రప్పించగలిగిన నోరు నాదొక్కటే. ఆ నోరు రోజూ ఒకటే మాట అంటోంది: ఇంకొక్క నిలువు.

ఆ ఆదివారం మధ్యాహ్నం జగ్గయ్యపేట నుంచి సైకిలు తొక్కుకుంటూ మేష్టారొచ్చారు. హైస్కూల్లో నాకు సైన్సు చెప్పినాయన. బావిలోకి తొంగిచూసి, నన్ను పక్కకి పిలిచారు.

"ఏరా, నీ పంగ తప్పు చెప్పిందని తెలియాలంటే ఏం జరగాలి?"

"తప్పు చెప్పదండి. రెండు బావులు పడ్డాయిగా."

"పడ్డవాటి సంగతి నేనడగలేదు. వంద పడినా నాకక్కర్లేదు. ఎన్ని నిలువుల్లో చుక్క లేకపోతే తప్పని ఒప్పుకుంటావ్? ఆ అంకె చెప్పు."

లోపలే లెక్కేసుకున్నాను. ఎనిమిదంటే తరవాత తొమ్మిది ఉంది, తొమ్మిదంటే పది.

"చూశావా? ఏం జరిగినా నీదే ఒప్పు. ఓడిపోవడానికి సిద్ధపడి చెప్పిందేరా సైన్సు. దీనిమీద పడమటి దేశాల్లో ఒకాయన పుస్తకాలే రాశాడు. ఈ సర్కారు ప్రణాళికలున్నాయే, వాటికీ ఇదే కొలత. తప్పయితే ఎక్కడ ఆగాలో ముందే అనుకోకపోతే దేశాన్నంతా ఇట్టాగే తవ్వుకుంటా పోతారు. ఓటు ఎందుకనుకున్నావ్? మంచోణ్ణి ఎక్కించడానిక్కాదు. తప్పు చేసినోణ్ణి నెత్తురు కారకుండా దించడానికి."

"అయితే నన్నేం చెయ్యమంటారండి?"

"అదిగో, ఆ పక్క చేనుచెక్కలో నడు. వంగినచోట పుల్ల పాతుతా. తరవాత కళ్ళకి గంతలు కట్టి మూడుసార్లు నడిపిస్తా. నీళ్ళుంటే ప్రతిసారీ ఆ పుల్ల దగ్గరే వంగాలి. వంగకపోతే ఓడినట్టు. సరేనా?"

"సరే," అన్నా, ధీమాగానే.

మొదటి పుల్ల పాతాక తన తువ్వాలు నా కళ్ళకు కట్టి, భుజం పట్టుకుని నడిపించారు. మూడుసార్లూ పంగ వంగింది. నా మణికట్లు నొప్పెట్టేలా వంగింది. గంతలు విప్పి చూస్తే, మొదటిదాంతో కలిపి ఆయన పాతిన నాలుగు పుల్లలు నాలుగు దిక్కుల ఉన్నాయి. ఒకటైతే చొప్పవాము పక్కనే.

అప్పుడే బావిలోంచి మేస్త్రీ కేకేశాడు. "బాబుగారండీ! గోడ కదులుతోందండీ. తూటాకి బెజ్జం కొట్టేశాం. ఏం చెయ్యమంటారు?"

మావయ్య నా వైపు చూశాడు. నా నోట్లోకి సాకులు వాటంతటవే వచ్చేశాయి. మేష్టారు పంగను ముట్టుకున్నారనొచ్చు. గంతలు కడితే గంగమ్మకు కోపమనొచ్చు. వాటిల్లో ఏదన్నా మావయ్య నమ్ముతాడు.

"ఏరా, ఇంకో నిలువేనా?" అన్నాడు మావయ్య.

"చాలు మావయ్యా. నేను చూసింది తప్పు. పైకి రమ్మను."

ఒక్కొక్కరే మోకు పట్టుకుని ఎక్కారు. మేస్త్రీ ఆఖరున వచ్చాడు, ఒళ్ళంతా సున్నం కొట్టినట్టు రాతిపొడి. అతని కాలు గట్టుమీద పడగానే వెనకాల గోడ కూలిందని చాలాచోట్ల చెప్పా. కూలలేదు. తరవాతైనా కూలిందో లేదో నాకు తెలియదు, నేను మళ్ళీ అటు పోలేదు.

"అయితే ఆ మొదటి రెండు బావుల్లో నీళ్ళెట్టా పడ్డాయిరా?" మావయ్య మెల్లగా అడిగాడు.

"తెలీదు మావయ్యా."

ఆయన వంగి, మోకు చుట్టడం మొదలెట్టాడు.