కొత్తతాను మీది ముద్ర

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడాది నన్ను ప్రొద్దుటూరులో సర్కారు ఆసుపత్రికి ఉమన్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. నేను ప్రత్యేకంగా చదివింది చిన్నపిల్లల వైద్యం. కానీ ఆడ డాక్టరంటే కాన్పులకేనని జనం లెక్క. బిడ్డకు జబ్బని వచ్చినవాళ్ళు పెద్ద డాక్టరు లేరా అని అడిగేవారు. లేరు, నేనే ఉన్నానని చెప్పి కూర్చోబెట్టేదాన్ని.

ఒక పొద్దున జమ్మలమడుగు బట్టల వ్యాపారి ఖాదర్ సాయిబు భార్యనూ తల్లినీ వెంటబెట్టుకుని వచ్చాడు. ముసలామె ఒడిలో పురిటిబిడ్డ. పెదాలు, గోళ్ళు నేరేడుపండు రంగులో ఉన్నాయి. గుండెలో లోపమని అక్కడెవరో చెప్పారట. ఎర్రగుంట్లలో రైలెక్కి మద్రాసు పోవాలని బయల్దేరి, అక్కడి పెద్దాసుపత్రికి నాచేత చీటీ రాయించుకోవడానికి దారిలో ఆగారు.

"రాసియ్యండి డాక్టరమ్మా, రైలుకు టైమైతాంది" అన్నాడు. పెళ్ళయిన చాన్నాళ్ళకు పుట్టిన బిడ్డ.

నేను రాయలేదు. గుండె విన్నాను, శుభ్రంగా ఉంది. ఆయాసం లేదు. అంత నీలంగా ఉన్న బిడ్డ తల్లి దగ్గర గుటగుటా పాలు తాగుతోంది. కాసేపు ఆక్సిజన్ పట్టినా రంగు మారలేదు. దాంతో అనుమానం రక్తం మీదికి పోయింది. బిడ్డ మడమ పొడిచి అద్దుడు కాగితం మీద ఒక చుక్క వేశాను. పక్కనే ఖాదర్ సాయిబు వేలి నుంచి ఇంకో చుక్క. గాలి తగిలాక అతని చుక్క ఎర్రగా తేలింది, బిడ్డ చుక్క మాత్రం కాఫీ డికాక్షన్ రంగులోనే ఉండిపోయింది. ఏదో విషం ఒంట్లో చేరి, రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గినప్పుడే ఇలా అవుతుంది.

మందులేమీ పోయలేదన్నారు. తడిసిన బట్ట విప్పించాను. సరిగ్గా పిర్రలకు తగిలే చోట ఆ బట్ట మీద నల్లటి మిల్లు ముద్ర, తాను కొసన మిల్లువాళ్ళు వేసేది. ఆ నలుపు చర్మానికీ అంటింది. పురిటిబిడ్డకు పాతగుడ్డ కదా చుట్టేదని అడిగాను.

"నేనూ అదే చెప్తినమ్మా," అంది ముసలామె. "బట్టలంగడోని బిడ్డకు పాతగుడ్డ ఏందని వీడు కొత్తతాను చింపినాడు. శానా మురిపెం."

ముద్ర సిరాలోని రంగు తడికి కరిగి, పసి చర్మం గుండా రక్తంలో చేరుతుంది. ఉతికిన గుడ్డతో ఆ బెడద ఉండదు. ఇది నేను పుస్తకంలో చదవడమే గాని, చూడటం అదే మొదలు.

విషం ఆ ముద్రలోదేనని వాళ్ళకు చెప్పి, మద్రాసు ప్రయాణం వద్దన్నాను. "ఈడ ఏమన్నా అయితే ఎవురు జవాబు?" అని ఖాదర్ సాయిబు అడిగాడు. నేనే అన్నాను. మూటలో ఉన్నవన్నీ ఆ తాను ముక్కలే, రైల్లో మళ్ళీ వాటినే చుడతారని నా భయం. సబ్బుతో బిడ్డ ఒళ్ళు కడిగించి, ముసలామె పాత చీర చింపి చుట్టించాను. వాళ్ళ బట్టల మూటను నా గదిలో పెట్టి తాళం వేశాను. జబ్బు ముదిరితే వెయ్యడానికి సూదిమందు సిద్ధంగా ఉంచుకున్నాను గాని, దాని అవసరం రాలేదు. మరునాటికి పెదాలు ఎర్రబడ్డాయి. గర్వపడ్డాను, దాచడమెందుకు.

ఖాదర్ సాయిబు ఒక్కమాటే అడిగాడు. "అయితే ఈ విషం నేనే పెట్టినానా డాక్టరమ్మా?"

అవునన్నాను. కాదని ఓదారిస్తే అదే తాను మళ్ళీ చింపుతాడు.

ఆ తర్వాత తన అంగట్లో పిల్లలకని గుడ్డ అడిగినవాళ్ళకు ముద్ర ఉన్న కొస కత్తిరించి, ఉతికి చుట్టమని చెప్పి ఇచ్చేవాడు. నేను నేర్చుకున్నది ఒకటే. స్టెతస్కోపు చెవిలో పెట్టకముందే బిడ్డ ఒంటిమీది బట్ట విప్పి చూడాలి, అది ఎవరు ఎంత ప్రేమగా చుట్టినా సరే.