సంచి లేని కోలివా

మా దీవిలో ఎవరైనా పోతే ముందు చర్చి గంట మోగుతుంది, ఆ తర్వాత కబురు కల్లిరోయి అత్తకు వెళ్తుంది. గోధుమలు నానబొయ్యాలి కదా! చర్చికి ఎదురుగా కాఫీ కొట్టు పెట్టుకున్నవాణ్ణి, నాకు తెలియని చావూ లేదు, పెళ్లీ లేదు. పోయినవాళ్ల పేరు మీద పంచే కోలివాలో ఆవిడ కిటుకు మాత్రం ఇన్నేళ్లయినా అంతుపట్టలేదు. గోధుమలు ఉడికించి, గుడ్డ మీద ఆరబెట్టి, దానిమ్మ గింజలు, బాదం, దాల్చినచెక్క పొడి కలిపి, పైన చక్కెర పొడి పరుస్తుంది. అందరూ చేసేదీ అదే. కానీ ఆవిడ చేస్తే గింజకు గింజ అంటుకోదు. ఎలాగని అడిగితే, "నీకెందుకురా? నువ్వు పోయినప్పుడు చేసిపెడతాలే," అంటుంది. అదీ ఆవిడ నోరు!

ప్లాస్టిక్ సంచులు వద్దని ఊరి సభలో మొదట లేచిందీ ఆవిడే. ఆవిడ పెంచుకున్న మేక ఒకటి సంచులు మింగి, పొట్ట ఉబ్బి చచ్చింది. "పొట్ట కోయించాను. మీ అందరి కొట్ల పేర్లూ అందులోనే ఉన్నాయి!" అని అరిచింది. నా వైపు తిరిగి, "నీది కూడా," అంది. రొట్టెల కొట్టువాడు సణిగాడు, చేపలవాళ్లు గొడవపడ్డారు, చివరికి అందరం సరేనని చేతులెత్తాం.

రొట్టె దేంట్లో ఇవ్వాలి, చేప దేంట్లో ఇవ్వాలి అని సభలో గంటలకొద్దీ కొట్టుకున్నాం. కోలివా ఒక్కడికీ గుర్తు రాలేదు. చర్చి గుమ్మంలో ప్రతి మనిషి చేతిలోనూ కోలివా నింపిన చిన్న ప్లాస్టిక్ సంచి పెడతారు. పుచ్చుకున్నవాడు పోయినవాడి పేరు మీద "దేవుడు క్షమించుగాక" అని ఇంటికి పోతాడు. రానివాళ్ల తలుపు గొళ్లేనికి ఓ సంచి తగిలించి వస్తారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్నామేమో, మాకు అది సంచి అనే తోచలేదు. చేసే మనిషికే తట్టకపోతే మాకేం తడుతుంది?

ఆ సంగతి గుర్తు చేసింది ఆంథూలా. ఆమె భర్త స్తమాతిస్ పోయి నలభయ్యో రోజు దగ్గరపడుతోంది. ఆ రోజుకి మళ్లీ కోలివా పంచాలి. నా కొట్టు ముందే కల్లిరోయి అత్తను నిలేసింది.

"అక్కా, నీ మేకకు న్యాయం చేసుకున్నావు. మరి నా మనిషి కోలివా దేంట్లో పంచుతావు?"

"కాగితం పొట్లాల్లో," అంది అత్త. మాట పడటం ఎందుకని అప్పటికప్పుడు ఇంటి నుంచి దానిమ్మ గింజలు కలిపిన కాసిని ఉడికిన గోధుమలు తెచ్చి నా బల్ల మీదే పొట్లం కట్టింది. దానిమ్మ రసం ఊరి, అడుగు ఊడి, గింజలన్నీ నా గచ్చు మీద రాలాయి. గిన్నెలు తెచ్చుకోమందామంటే, చర్చికి గిన్నె పట్టుకొస్తే ముష్టికి వచ్చినట్టుంటుందని ఆంథూలా ఒప్పుకోలేదు.

"మిగతావాళ్ల సంగతి ఎలాగోలా కానీ అక్కా, నా బెంగ మా మరిది పాంతెలిస్ గురించి," అంటూ కళ్లు తుడుచుకుంది. "వాడు ఎలాగూ చర్చికి రాడు. తలుపుకు తగిలిస్తే ఎప్పటికైనా తీసి ఆ మాట అంటాడనుకున్నా. సొంత తమ్ముడే క్షమించకపోతే మా ఆయనకు శాంతి ఎక్కడిది?"

అన్నదమ్ములిద్దరికీ ఒకే పడవ ఉండేది. దాన్ని స్తమాతిస్ తమ్ముడికి చెప్పకుండా అమ్మేశాడు. అప్పటి నుంచీ ఒకరు వస్తుంటే మరొకరు సందు మారేవారు. పాంతెలిస్ అన్న శవాన్ని చూడ్డానికి కూడా రాలేదు.

"తగిలిస్తే కోళ్లకు వేస్తాడు," అంది అత్త. "మీ నాన్న పోయినప్పుడు వాడి తలుపుకు కోలివా తగిలించి వచ్చావు కదా, మర్నాడు వాడి కోళ్లు దానిమ్మ గింజలు ఏరుకుంటుంటే నేను చూశాను."



నలభయ్యో రోజు రానే వచ్చింది. అత్త పళ్లెం, గరిటె పట్టుకుని చర్చి గుమ్మంలో నిలబడి, "చేతులు పట్టండి!" అంది. అందరూ దోసిళ్లు పట్టారు. చేతి నిండా చక్కెర, గింజలు పెట్టుకుని ఎవడు నడవగలడు? అక్కడే నిలబడి తిన్నారు. ఎప్పుడూ క్షణంలో ఖాళీ అయ్యే ముంగిలి ఆ రోజు ఎంతకీ కదల్లేదు.

అందరికీ పెట్టాక అత్త గరిటె పక్కన పడేసి, మిగిలిందంతా దోసిట్లోకి తీసుకుని మెట్లు దిగింది. ఎక్కడికి పోతోంది ఈ మనిషి? నాకు ఆగుతుందా! పొయ్యి మీద కాఫీ వదిలేసి వెనకే నడిచాను. నా వెనక ఆంథూలా.

పై వీధిలో, పాంతెలిస్ ఇంటి ముందు ఆగింది. చేతులు ఖాళీ లేక కాలితో తలుపు తన్నింది.

"తియ్యరా!"

పాంతెలిస్ తలుపు తీసి, ఆ దోసిలి చూసి మొహం ముడుచుకున్నాడు. "నాకొద్దత్తా. అక్కడ పెట్టి పో."

"ఎక్కడ పెట్టనురా, నేల మీదా? సంచులు లేవు. సభలో చెయ్యెత్తావు కదా, ఇప్పుడు అదే చెయ్యి పట్టు."

అతను కదల్లేదు. అత్త వేళ్ల సందుల్లోంచి గింజలు జారుతుంటే, పాంతెలిస్ చప్పున తన చేతులు వాటి కింద పెట్టాడు. పట్టుకుందామనే పెట్టాడో, నేల మీద పడకూడదని పెట్టాడో చెప్పలేను. అత్త మొత్తం వంపేసింది.

చేతులు నిండిపోతే ఇంక తలుపెలా వేస్తాడు? తల వంచి నోట్లో వేసుకుని, మెల్లగా నమిలాడు.

"దేవుడు వాణ్ణి క్షమించుగాక," అన్నాడు. తర్వాత, "ఆ పడవ ఎందుకు అమ్మాడో నేనెప్పుడూ అడగనే లేదత్తా," అన్నాడు.

"నన్నడుగు, నేను చెబుతా," అంది ఆంథూలా వీధిలోంచి.

ఆమెను చూసి పాంతెలిస్ గుమ్మంలోంచి పక్కకు జరిగాడు. "లోపలికి రా వదినా," అన్నాడు. ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసింది.

నేను ఉండబట్టలేక, "ఎందుకు అమ్మాడట అత్తా?" అన్నాను.

"నాకేం తెలుసురా? నేను గోధుమలు ఉడకబెట్టేదాన్ని. పో, నీ కాఫీ మాడిపోతోంది," అని కసిరి, అత్త ఆ గుమ్మం మెట్టు మీదే కూలబడింది. చక్కెర అంటిన చేతులతోనే కళ్లు తుడుచుకుంది.