ఒడిబియ్యం సంచిలో రివాల్వర్

2023 ఎండాకాలం. హనుమకొండలో మా నాన్న పెట్టిన తుపాకుల షాపును నేను నడపబట్టి అప్పటికే చాలా ఏళ్లు. తుపాకుల షాపు అనగానే గోడల నిండా ఆయుధాలు వేలాడుతుంటాయని అనుకుంటారు. మా దగ్గర ఉండేది ఒక ఇనుప బీరువా, ఒక బల్ల, రెండు కుర్చీలు. కొనడానికి వచ్చేవాళ్లకంటే దాచుకోవడానికి వచ్చేవాళ్లే ఎక్కువ. ఊరికి పోయేటప్పుడు తుపాకీ మా దగ్గర పెట్టి రసీదు తీసుకుంటారు. దీన్ని సేఫ్ కస్టడీ అంటాం. ఆడమనిషి తుపాకులమ్ముడేందని నవ్వినవాళ్లు చాలామందే ఉన్నారు. బిగుసుకుపోయిన రివాల్వర్ పట్టుకుని తర్వాత నా దగ్గరికే వచ్చారు.

రాజేశం మిర్చి వ్యాపారి. నన్ను నోరారా చెల్లె అని పిలుస్తాడు. సర్వీసింగ్‌కు ఇచ్చిన రివాల్వర్ తీసుకుపోవడానికి ఆ రోజు వచ్చాడు. మనిషి మంచి హుషారుగా ఉన్నాడు.

"రేపు బెజవాడ పోతున్నం చెల్లె. మనవనికి పుట్టెంట్రుకలు తీపిచ్చేది ఉన్నది. దుర్గమ్మకు ఒడిబియ్యం పోస్తమని మీ వదినె మొక్కుకున్నది. బంగారం పెట్టుకొని పోతున్నం, ఇది ఎంబడుంటె ధైర్యం."

లైసెన్స్ తీయమన్నాను. అందులో ఏరియా వ్యాలిడిటీ అని ఒక గడి ఉంటుంది. ఆ తుపాకీతో ఎక్కడిదాకా తిరగవచ్చో చెప్పేది అదే. ఆయన గడిలో తెలంగాణ అని మాత్రమే ఉంది.

"అన్నా, బార్డర్ దాటితె ఈ లైసెన్స్ చెల్లది. తీసుకపోవాలంటె ఆఫీసుల అప్లికేషన్ పెట్టి ఏరియా పెంచుకోవాలె. అది రేపటికి అయ్యే పని కాదు. నా దగ్గర పెట్టి పో."

"బెజవాడ మనకు పరాయిదెట్లయితది? మా అక్కను ఇచ్చింది ఆడికే. చిన్నప్పటిసంది పోయొస్తనే ఉంటిమి."

"నీకు పరాయిది కాదన్నా, కాగితానికి పరాయిది. కేసయితది."

ఇలా అడిగింది ఆయన ఒక్కడే కాదు. మహారాష్ట్రకు పోయేటప్పుడు గుర్తుపెట్టుకుని తుపాకీ అప్పజెప్పి పోయేవాళ్లు కూడా బెజవాడ, తిరుపతి అనేసరికి మరిచిపోతారు. ఒకప్పుడు ఒకటే రాష్ట్రం కదా, ఆ అలవాటు పోలేదు.

"సరే తియ్యి, ఇంట్ల బీరువల పెట్టి పోత," అన్నాడు. వస్తువు ఆయనది, ఇక్కడ ఆయనకు హక్కుంది. ఇచ్చేశాను. అయినా ఆ 'సరే' నాకు నచ్చలేదు. పైపైన అన్న మాటలా ఉంది.

బయట కారులో ఆయన భార్య భాగ్యమ్మ కూర్చుని ఉంది. ఎండ మండిపోతోందని నేనే చాయ్ పట్టుకుని పోయాను. ఒడిబియ్యం కోసం కొన్న కొత్త గుడ్డ సంచి ఒళ్లో పెట్టుకుని ఉంది. అమ్మవారి ఒడిలో పోసే బియ్యానికి పసుపు కలపాలని, అందులోకి ఎండుకొబ్బరి కుడుకలు కొనాలని సంబరంగా చెప్పింది. మనవడి ఫొటో చూపించింది. నేనూ ముచ్చట్లు చెప్పాను. రివాల్వర్ మాట మాత్రం ఎత్తలేదు. లైసెన్స్ మీద పేరున్న మనిషితో తప్ప ఇంట్లోవాళ్లతో తుపాకీ సంగతి మాట్లాడొద్దని మా నాన్న నేర్పిన పద్ధతి. చాలా ఇళ్లలో గొడవలు అక్కడే మొదలవుతాయని ఆయన భయం. నేను దాన్ని మర్యాద అనుకుని పాటిస్తూ వచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ మోగింది. బార్డర్ అవతల వాహనాలు తనిఖీ చేస్తున్న ఎస్ఐ.

"ఏమండీ, గన్ షాపేనా? సర్వీసింగ్ రసీదు మీద ఈ నంబరుంది. రాజేశం గారు మీ కస్టమరేనా? వాళ్లావిడ సంచిలో, బియ్యంలో రివాల్వర్ దొరికిందండి. సంచి ఆవిడే సర్దింది, నాకేం తెలీదంటున్నారు ఈయన. ఇక్కడ లైసెన్స్ చెల్లదన్న సంగతి కూడా తెలీదంట."

నాకు ఒళ్లు మండింది. ఆ తర్వాత సిగ్గేసింది. నిన్న ఆ సంచి పక్కనే నిలబడి నవ్వుతూ మాట్లాడిన మనిషిని నేను.

"ఆయనకు తెలుసు సార్. నిన్ననే నేను చెప్పిన. ఆమెకే తెల్వదు."

 అవతల నుంచి పిల్లవాడి ఏడుపు వినిపించింది. ఫోన్ స్పీకర్లో ఉందని అప్పుడు అర్థమైంది.

చివరికి రాజేశం ఒప్పుకున్నాడట. అమ్మవారి బియ్యం మీద పోలీసులు చెయ్యి వేయరన్న ధీమాతో తానే అందులో పెట్టానన్నాడట. కేసు ఆయన మీదనే అయింది. భాగ్యమ్మను సాయంత్రానికి పంపించారు. రివాల్వర్ జప్తు చేశారు, లైసెన్స్ సస్పెండ్ చేశారు.

కొన్నాళ్లకు భాగ్యమ్మ ఒక్కతే షాపుకు వచ్చింది. లైసెన్స్ ఆగిపోతే ఇంట్లో మిగిలిన తూటాలు డిపాజిట్ చేయాలి. ఆయన రావడానికి మొహం చెల్లక ఆమెతో పంపాడు. డబ్బా బల్ల మీద పెట్టి నిలబడే ఉంది.

"కూసో వదినా."

"కూసుంట గని ఒక్క మాట అడుగుత. నాకు తెల్వదని ఫోన్ల చెప్పినవు. నువ్వు చెప్పకుంటె నన్ను గూడ లోపలేస్తుండిరి. అది మరువ. కాని ముందురోజు కార్ల నేనే ఉంటి గదా. చాయ్ తెచ్చిచ్చినవు. అప్పుడే ఒక్క ముక్క చెప్తె ఏం పోతుండె? ఆ సంచి నా ఒళ్లె పెట్టుకొని పోయిన నేను."

 మా నాన్న పద్ధతి అని చెప్పబోయి నోరు మూసుకున్నాను. తల దించుకుని తూటాలకు రసీదు రాశాను. ఇప్పుడు తలుచుకున్నా మొహం వేడెక్కుతుంది.

"అమ్మవారికి మళ్ల పోసిన్రా?" అని మెల్లగా అడిగాను.

"యాడ పోసుడు? రోడ్డు మీద తువ్వాల పరిచి, అందరు చూస్తాంటె గుమ్మరిచ్చిన్రు. మల్ల సంచిలకు నేనే ఎత్తుకున్న. అమ్మకు పెట్టబుద్ధి కాదు, వండబుద్ధి కాదు, పారెయ్యబుద్ధి కాదు. ఇంట్ల అట్లనే ఉన్నయి."

ఆ రోజు నుంచి మా నాన్న పద్ధతి మానేశాను. తుపాకీ తీసుకుపోవడానికి ఎవరు వచ్చినా, బయట బండిలో ఎవరున్నారని అడుగుతాను. లోపలికి పిలిచి, రెండో కుర్చీలో కూర్చోబెట్టి, ఆ ఏరియా గడి ఇద్దరికీ చదివి వినిపిస్తాను. కొందరు మగవాళ్లు నారాజ్ అయి వేరే షాపు చూసుకున్నారు. పోనిమ్మన్నాను.

భాగ్యమ్మ మళ్లీ మా షాపుకు రాలేదు. బజారులో ఎదురైతే పలకరిస్తుంది. ఆ బియ్యం ఏం చేసిందో అడిగే ధైర్యం మాత్రం నాకు ఇప్పటికీ రాలేదు.