అమ్మ పాట నిలిపిన తమ్ముడు

మా తమ్ముడు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. ఆదివారం ఆరాధన ముగిసి, గుడి మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే మరదలు ఫోన్ చేసింది. "వదినా, పొద్దున ఛాతీల నొస్తుందన్నడు. దవాఖానకు తెచ్చినం. మనిషి దక్కలే" అంది. నేను మళ్లీ లోపలికి వెళ్లి చివరి బెంచీ మీద కూర్చున్నాను. ప్రార్థన చేయలేదు. ఊరికే కూర్చున్నాను. అది కూడా ప్రార్థనే అయి ఉంటుంది.

ఇంట్లో నేను పెద్దదాన్ని, వాడు అందరికంటే చిన్నవాడు. అమ్మ పనిలో ఉంటే వాణ్ణి చంకనేసుకుని తిరిగింది నేనే. మన సంఘంలో చాలామందికి వాడు కంప్యూటర్లు బాగుచేసే మనిషిగా తెలుసు. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు వెళ్లే ఒక సందులో, మేడ మీద వాడి గది. కిటికీకి ఇనుప కడ్డీలు. ఏ కంప్యూటర్ విప్పినా ముందు ఒక కడ్డీని పట్టుకుని వదిలేవాడు. చాదస్తం అనుకున్నాను. అడిగితే, "ఒంట్ల కరెంటుంటదక్కా. మనకు తెల్వది గని సామాన్‌కు తెలుస్తది. దింపుకొని ముట్టుకోవాలె" అన్నాడు. నేను బైబిల్ తెరిచే ముందు చేతులు కడుక్కుంటాను. ఆ తర్వాత వాడి పద్ధతి నాకు వింతగా అనిపించలేదు.

విప్పిన స్క్రూలు ఐస్‌క్రీం కప్పులో వేసేవాడు. నేను ఎప్పుడు వెళ్లినా ముందు మొజంజాహీ మార్కెట్‌కు నడిపించి సీతాఫలం ఐస్‌క్రీం తినిపించేవాడు. ఖాళీ కప్పు కడిగి జేబులో పెట్టుకునేవాడు. "బిచ్చపోడివారా నువ్వు?" అంటే, "నీ కప్పు గూడ ఇయ్యక్కా" అనేవాడు.

వాడి కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ లినక్స్. ఎందరో కలిసి రాసి ఊరికే పంచుకునేదని, లోపల ఏముందో ఎవరైనా విప్పి చూసుకోవచ్చని చెప్పేవాడు. "మూత సీల్ చేసిన పెట్టె నాకొద్దక్కా" అనేవాడు. దాని సంగతి నాకు తెలిసింది అమ్మ క్యాసెట్ వల్లే.

ఇంట్లో సాయంకాల ప్రార్థనలో అమ్మ పాడిన పాట ఒకే ఒక్క క్యాసెట్‌లో ఉండేది. అమ్మ గొంతు ఇంకెక్కడా లేదు. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఒక ఎండాకాలం బీరువా తెరిస్తే టేపుకు బూజు పట్టి ఉంది. పట్టుకుని వాడి గదికి పోయాను. వెలుతురుకు పెట్టి చూసి, "ఒక్కసారి తిరుగుతదేమో అక్కా. రెండోసారి మాట ఇయ్యలేను" అన్నాడు. ఆ ఒక్కసారిలోనే దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాలి.

టేప్ రికార్డర్ పాతది, వైరు తగిలించే చోటు పాడైంది. అందుకని స్పీకర్ ముందు మైకు నిలబెట్టాడు. ముందు ఒక పాత ప్రసంగం క్యాసెట్ పెట్టి చూశాడు. తిరిగి వింటే మధ్యమధ్య మాటలు మాయం. "దేవుడు మనలను" అన్న తర్వాత ఏమీ లేదు, ఒకేసారి "కాబట్టి సహోదరులారా" అని వచ్చింది.

"ప్రసంగం జర చిన్నగైంది. సంఘం ఖుష్ అయితది" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అమ్మ పాటకు ఇదే జరిగితే?

పక్క గదిలో కంప్యూటర్ సామాన్లు అమ్మే ఆయన తొంగి చూశాడు. "ఏంది భాయ్, నీ డిస్క్ ఖతమైంది. కొత్తది ఏస్కో, ఫికరుండది."

"డిస్క్ మంచిగనే ఉన్నది భయ్యా. మాట దాని దగ్గరికి పోయే తొవ్వల ఏదో ఉన్నది."

"గట్లైతే డిస్క్ వైరు మార్చు."

మార్చాడు. తేడా లేదు. వెంటనే పాత వైరే మళ్లీ పెట్టాడు. కొత్తది ఉంచరాదా అన్నాను. "రెండు మార్చినంక బాగైతే, ఏది పని చేసిందో ఎట్ల తెలుస్తది? ఒక్కటే మార్చాలె. కాలేదా, ఎక్కడిది అక్కడ పెట్టాలె" అన్నాడు. వాడి బతుకంతా ఆ పద్ధతే. ఇంట్లో మాటామాటా వచ్చినా ఒక్క సంగతే మాట్లాడేవాడు, పాతవి తవ్వేవాడు కాదు.

డిస్క్ ఎంత వేగంగా చదువుతుందో కొలిచే ఆజ్ఞ ఒకటి ఉందట. అది టైపు చేస్తే అంకె చాలా తక్కువ చూపించింది. తర్వాత, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెర మీద పరుగెత్తిన వరుసలన్నీ మళ్లీ తెప్పించి, చిన్నప్పుడు వాక్యం చదివినట్టు వేలు పెట్టి చదివాడు. ఒక వరుస దగ్గర వేలు ఆగింది.

"దొరికిందక్కా. బేగం బజార్ల లారీ వచ్చింది అనుకో. బస్తాలు దించనీకి హమాలీలు తయారుగున్నరు. గని సేఠ్‌కు ఆ హమాలీలెవరో తెల్వది. ఎందుకొచ్చిన గొడవని ఒక్కొక్క బస్తా తనే మోస్తున్నడు. గల్లా కాడ గిరాకీని ఎవరు చూస్తరు?"

డిస్క్‌కూ కంప్యూటర్‌కూ మధ్య సరుకు మోసే చిప్ ఒకటి ఉంటుంది, దాన్ని కంట్రోలర్ అంటారు. వాడి లినక్స్ ఆ చిప్‌ను గుర్తుపట్టక, జాగ్రత్త కోసం నెమ్మది దారి పట్టింది. మోత అంతా ప్రాసెసర్ మీద, అంటే ఆ సేఠ్ మీద, పడింది. అది మోస్తున్న సమయంలో మైకు దగ్గరికి వచ్చిన మాట వచ్చినట్టే పోయింది.

ఆ చిప్‌ను గుర్తుపట్టే భాగాన్ని కలిపి, లినక్స్‌కు గుండెలాంటి కెర్నెల్‌ను మళ్లీ తయారు చేయాలన్నాడు. "నువ్వు ప్రార్థన చెయ్యక్కా, నేను నా పని చేస్త. రెండూ కావాలె" అన్నాడు. అది తయారవుతుంటే కిందికి పోయి చాయ్ తాగి వచ్చాం.

తర్వాత కొలిస్తే అంకె ఒక్కసారిగా పెరిగింది. ప్రసంగం అంతా తెగకుండా వచ్చింది. నేను అమ్మ క్యాసెట్ తీశాను. వాడు తీసుకోలేదు. ఏదో టైపు చేసి ఆ వేగం దారి మూసేశాడు. ప్రసంగంలో మళ్లీ మాటలు పోయాయి.

"మంచిగైంది గదరా, మళ్ల ఎందుకు చెడగొడుతున్నవు?"

"మంచిగైతే చాలదక్కా, ఎందుకైందో తెల్వాలె. చెడగొడితే చెడాలె, చేస్తే బాగు కావాలె. అప్పుడే నమ్ముత."

దారి మళ్లీ తెరిచాడు. మళ్లీ కొలిచాడు. అప్పుడు గాని క్యాసెట్ కోసం చెయ్యి చాపలేదు. దాన్ని ముట్టుకునే ముందు లేచి వెళ్లి కిటికీ కడ్డీ పట్టుకున్నాడు. "గిది మాత్రం మళ్ల చేసి చూసేది కాదు" అన్నాడు.

చప్పుడు పడకుండా ఫ్యాన్ ఆపించాడు. ఇద్దరం చెమటల్లో తడుస్తూ కదలకుండా కూర్చున్నాం. అమ్మ పాడింది. రెండో చరణం ముందు ఆగి, "తలుపెయ్యుండ్రి, దోమలొస్తున్నయ్" అంది. అది టేపులో ఉందని నాకు గుర్తే లేదు. తమ్ముడు చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పాట ముగిసి, టేపు కొంచెం తిరిగి లోపలే చుట్టుకుపోయింది. మళ్లీ తిరగలేదు. కంప్యూటర్‌లో మాత్రం ఒక్క మాట కూడా పోలేదు.

అందరికీ సీడీలు చేసిచ్చాడు. ముందూ వెనకా కత్తిరించి, సరిగ్గా అమ్మ మొదటి మాటతో మొదలయ్యేట్టు చేశాడు. ఇన్నేళ్లూ నేను విన్నది అదే.

వాడి జ్ఞాపకార్థ కూడిక అయిన తర్వాత పక్క గది ఆయన వాడి కంప్యూటర్‌ను ఆటోలో మా ఇంటికి తెచ్చాడు. "మీ మరదలు మీకియ్యమన్నదమ్మా" అని తగిలించి, ఎక్కడ నొక్కాలో చూపించి వెళ్లాడు. కత్తిరించని పాట అందులో అలాగే ఉంది.

నొక్కాను. అమ్మ రాలేదు. ముందు ఫ్యాన్ చప్పుడు. సందులో ఎవరిదో స్కూటర్ హారన్. తర్వాత, చాలా దగ్గరగా, వాడి గొంతు: "అక్కా, జర ఫ్యాన్ బంద్ చెయ్." నా అడుగులు, స్విచ్ చప్పుడు. ఫ్యాన్ నెమ్మదిస్తుంది. వాడు ఊపిరి తీసుకుంటాడు. అప్పుడు అమ్మ మొదలుపెడుతుంది.

ఇప్పుడు రోజూ సాయంకాల ప్రార్థనకు ముందు అది పెట్టుకుంటున్నాను. వాడు అడుగుతాడు. నేను లేచి మా ఇంట్లో ఫ్యాన్ ఆపుతాను. రెక్కలు నిలిచేదాకా స్విచ్ దగ్గరే నిలబడతాను.