ఒకటో నమూనాకు పెట్టిన బొట్టు

రిటైర్ కావడానికి సరిగ్గా మూడేళ్ల ముందు, ఏప్రిల్ మొదటి సోమవారం నాడు బేగంపేటలోని మా ప్రధాన కార్యాలయం నుంచి నాకొక ఉత్తర్వు వచ్చింది. జిల్లాల్లోని ప్రభుత్వ కార్యాలయాలకు కొనబోయే డెస్క్‌టాప్ కంప్యూటర్లలో ప్రాసెసర్ మీద బిగించే ఎయిర్ కూలర్‌ను పరీక్షించి పది రోజుల్లో నివేదిక పంపాలి. అప్పుడు నేను సికింద్రాబాద్ పరీక్షా కేంద్రంలో ముఖ్య పరీక్షాధికారిని. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. సంతకం పెట్టిన నివేదికను ఒక్కసారి కూడా వెనక్కి తీసుకోలేదన్నది నా గర్వం. ఆ గర్వాన్ని దాచుకునేవాణ్ణి కూడా కాదు.

ఉత్తర్వు సంగతి ఇంట్లో చెబితే మా ఆవిడ నవ్వింది. "ఏటీ, కూలర్ పరీక్షా? మనింట్లో కూలర్‌కి గడ్డి మార్చండని శివరాత్రి కాణ్ణించి మొత్తుకుంటన్నాను. దానికి మాత్రం మీకు తీరిక నేదు" అంది. మాది విజయనగరం వైపు. పద్మారావు నగర్‌లో కాపురం పెట్టి పాతికేళ్లు దాటినా ఆవిడ మాట మాత్రం ఇంకా అక్కడే ఉంది.

ఇది నీళ్లు పోసే కూలర్ కాదు. ప్రాసెసర్ అంటే అగ్గిపెట్టె వెడల్పు మించని పలక. పని ఎక్కువైతే పెనంలా కాలుతుంది. దాని నెత్తిన రాగి దిమ్మ ఒకటి ఆనించి బిగిస్తారు. దిమ్మలోంచి రాగి గొట్టాలు పైకి లేస్తాయి, వాటికి పలుచటి అల్యూమినియం రేకులు వరసగా గుచ్చి ఉంటాయి, పక్కన ఒక ఫ్యాన్. దిమ్మ వేడిని లాగుతుంది, గొట్టాలు రేకులకు చేరవేస్తాయి, ఫ్యాన్ బయటికి ఊదేస్తుంది. ఇంతే యంత్రం. కీలకమంతా ప్రాసెసర్‌కీ రాగికీ మధ్య సందులో ఉంది. రెండూ ఎంత నున్నగా ఉన్నా కంటికి కనబడని గుంటలుంటాయి. వాటిలో గాలి నిలిస్తే వేడి పైకి ఎక్కదు. అందుకని రాగి అడుగును స్పిరిట్‌తో తుడిచి, ఆ గుంటలు పూడ్చే థర్మల్ పేస్ట్ పెసరగింజంత పెట్టి, నాలుగు మూలలా సమానంగా బిగించాలి.

మా కేంద్రం రైల్వే స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, ఎత్తైన పైకప్పున్న పాత భవనంలో ఉండేది. రైళ్లు కదిలినప్పుడు కిటికీ అద్దాలు సన్నగా మోగేవి. ఫ్యాన్ చప్పుడు కొలవాల్సి వస్తే రైళ్ల టైమ్‌టేబుల్ పక్కన పెట్టుకునేవాళ్లం. ఆ గది వాసన, వేడెక్కిన సర్క్యూట్ బోర్డు, స్పిరిట్, కింది ఇరానీ హోటల్ నుంచి వచ్చే చాయ్ కలిసిన ఆ వాసన, నాకిప్పటికీ బెంగగా గుర్తొస్తుంది. అందులో సగం బెంగ యాదగిరి మీదే. యాదగిరి మా సీనియర్ టెక్నీషియన్. కాప్రా చెరువు దగ్గర ఇల్లు. స్క్రూ ఎంత బిగిసిందో మీటర్ చూడకుండా మణికట్టుతో చెప్పేవాడు, నేను మీటర్ పెట్టి చూస్తే అంతే ఉండేది. పద్దెనిమిదేళ్లు కలిసి పనిచేశాం. అన్నేళ్లలో అతను నా మాటకు ఎదురు చెప్పడం నాకు గుర్తులేదు. అది అదృష్టమనుకునేవాణ్ణి.

కూలర్లు పంపినవాళ్లు ఇద్దరు. ఒకటి బయటి రాష్ట్రపు పెద్ద కంపెనీ. వాళ్ల నమూనాలు ముందే సులువుగా నెగ్గాయి. రెండోది కాప్రా అవతల ఒక షెడ్డులో పదకొండు మంది పనివాళ్లతో నడిచే చిన్న యూనిట్. దాని యజమాని శైలజ. ఇంకొకరి ఫ్యాక్టరీలో పదేళ్లు పనిచేసి బయటికొచ్చి సొంతంగా పెట్టుకుంది. సర్కారు ఆర్డర్‌కు ఆమె తలపడడం అదే మొదలు. బుధవారం నాడు మూడు నమూనాలను తనే ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చింది.

మా దగ్గరొక ఆచారం ఉండేది. ఏ కొత్త సరుకు పరీక్షకొచ్చినా ఒకటో నమూనాకు గంధం, కుంకుమ బొట్టు పెట్టి పని మొదలుపెట్టేవాళ్లం. నిబంధనల పుస్తకంలో లేదు గానీ అంతకంటే గట్టిగా పాటించేవాళ్లం. పెట్టేది ఎప్పుడూ నేనే, ఉంగరం వేలితో. మామూలుగా అట్టపెట్టె మీదో, ఇనుప డబ్బా మూల మీదో పెడతాను. ఆ రోజు శైలజ పెట్టె విప్పి ఉంచి వెళ్లింది. కూలర్ తలకిందులుగా ఉండి రాగి అడుగు పైకి కనబడుతోంది. కొత్తగా తోమిన చెంబులా మెరుస్తోంది. ఇంతకన్నా మంచి చోటు ఏముంటుందనిపించి దాని నడిమధ్య బొట్టు పెట్టాను. ఇరవై ఎనిమిదేళ్లు వేడి మీద పనిచేసినవాడు చేయవలసిన పనేనా అది? నా కళ్లకు అప్పుడది యంత్రంలా కాక పూజా పాత్రలా కనబడింది. పెట్టి, చేయి కడుక్కుని, ఫైలు తెరవడానికి నా బల్ల దగ్గరికి వెళ్లిపోయాను.

జిల్లా ఆఫీసుల్లో ఏసీ ఉండదు కాబట్టి పరీక్ష గదిని నలభై డిగ్రీల దగ్గర నిలబెట్టాం. ప్రాసెసర్‌కు ఊపిరాడనంత పని అప్పగించి గంటసేపు నడపాలి, నిమిషానికోసారి వేడి రాసుకోవాలి. ఎనభై అయిదు దాటకూడదు. మూడు నమూనాలూ నెగ్గాలి. ఒక్కటి తప్పినా మొత్తం సరుకు తప్పినట్టే. రెండోది డెబ్భై ఎనిమిది దగ్గర నిలిచింది. మూడోది డెబ్భై తొమ్మిది. ఒకటోది మాత్రం తొంభై ఒకటికి ఎక్కింది. ఒక నమూనా తేడాగా వస్తే విప్పి, తుడిచి, మళ్లీ బిగించి ఇంకోసారి చూడాలని నియమం. యాదగిరికి చెప్పాను. అతను అలాగే సార్ అని మళ్లీ బిగించాడు. ఈసారి తొంభై. రెండుసార్లూ ఒకే ఫలితం వచ్చాక సందేహమెందుకు? 'తిరస్కరించడమైనది' అని రాసి, సంతకం పెట్టి, మరుసటి బుధవారం బేగంపేటకు పంపేశాను.

గురువారం శైలజ వచ్చింది. గొడవ పెట్టుకోలేదు, ఏడవలేదు. కుర్చీ అంచున కూర్చుంది. "మూడు గూడ ఒకటే అచ్చుల, ఒకటే రోజు చేసినం సార్. రెండు మంచిగున్నయి, ఒకటి గిట్లెట్ల అయితది? జెర నా ముందట ఇప్పి చూపియ్యరాదు?" అంది. తయారీదారుల ఎదుట నమూనా విప్పడానికి నిబంధన ఒప్పదన్నాను. సోమవారం కొనుగోలు కమిటీ కూర్చుంటుంది, ఈ ఆర్డర్ పోతే షెడ్డుకు తాళం వేసి పాత ఫ్యాక్టరీలోనే మళ్లీ నౌకరీ అడగాలని చెప్పింది. అడుక్కుంటున్నట్టు కాదు, ఉన్న సంగతి చెబుతున్నట్టే చెప్పింది. నేను నిబంధనలు ఇంకోసారి వివరించి చాయ్ తెప్పించాను. ఆమె తాగకుండానే వెళ్లిపోయింది.

తప్పిన నమూనాను విప్పి, పేస్ట్ ఎలా పరుచుకుందో ఫోటో తీసి ఫైల్లో పెట్టడం ఆఖరి పని. అది యాదగిరి చేసేవాడు. శుక్రవారం అతను మేనకోడలి నిశ్చితార్థమని సెలవు పెట్టాడు. సోమవారం దాకా ఆగవచ్చు. కానీ శైలజ అడిగిన మాట పంటిలో ఇరుక్కున్న పీచులా ఉంది. నేనే స్క్రూలు విప్పాను.

పేస్ట్ అంచుల దగ్గర చక్కగా పరుచుకుంది. నడుమ మాత్రం గుండ్రంగా, గట్టిగా ఎండిపోయిన పెచ్చు. గోటితో గీకితే ఎర్రటి పొడి రాలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ కాలిన వాసనలోనూ గంధం తెలిసింది. నా ఉంగరం వేలు దాని మీద పెట్టి చూసుకున్నాను. సరిగ్గా సరిపోయింది.

యాదగిరికి ఫోన్ చేశాను. నిశ్చితార్థం నుంచి కొత్త చొక్కాతోనే స్కూటర్ మీద వచ్చాడు. దిమ్మను చూపించాను. తల దించుకున్నాడు.

"చూశావా బిగించేటప్పుడు?"

"చూసిన సార్."

"మరి తుడవలేదేం? స్పిరిట్‌తో తుడవమని నేనే కదా నేర్పింది!"

"బొట్టు తుడుస్తమా సార్? అది గూడ మీరు పెట్టింది. ఆడబిడ్డ మొదటి సరుకాయె. చుట్టుముట్టు తుడిచిన, గంతే."

"రెండోసారి కూడానా?"

"రెండోసారి పరేషాన్ అయిన సార్. మీకు చెప్పాలె అనుకున్న. మీరేమో అప్పటికే రాస్తున్నరు."

ముత్తయిదువ నుదుటి బొట్టును ఎవరైనా చేయి చాచి తుడుస్తారా? మా అమ్మ బొట్టు చెరగనిచ్చేది కాదు. అతను పెరిగిందీ అలాంటి ఇంట్లోనే. పైగా పద్దెనిమిదేళ్లుగా నా పనిలో తప్పు ఉండొచ్చని అనుకునే అలవాటు అతనికి నేను చేయలేదు.

బేగంపేటలో మా డైరెక్టర్‌గారికి ఫోన్ చేశాను. మంచి మనిషే. నా మేలు కోరే మాట్లాడారు. "ఇంత వయసొచ్చాక సర్వీసు రికార్డులో మచ్చ ఎందుకండీ? నమూనా హ్యాండ్లింగులో పాడైందని రాసేయండి. ఎవరి హ్యాండ్లింగని ఎవరూ అడగరు" అన్నారు. ఆ మాటకు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలా హాయిగా అనిపించింది. అయితే నిబంధనలు నాకు కంఠతా వచ్చు. నమూనా పాడైందంటే తయారీదారు కొత్తవి తెచ్చుకోవాలి, వచ్చే విడత దాకా ఆగాలి. సోమవారం ఆర్డర్ మొత్తం పెద్ద కంపెనీకి వెళ్లిపోతుంది. పరీక్షా కేంద్రం పొరపాటు అని రాస్తేనే అదే నమూనాను వెంటనే తిరిగి పరీక్షించవచ్చు. అడ్డదారి నాది, తాళం ఆమె షెడ్డుకు.

తెల్ల కాగితం తీసుకుని రాశాను: 'ఒకటో నమూనా రాగి అడుగున ముఖ్య పరీక్షాధికారి స్వహస్తంతో గంధం, కుంకుమ బొట్టు పెట్టినందున పరీక్ష చెల్లదు. నివేదికను ఉపసంహరించుకుంటున్నాను.' ఉపసంహరించుకుంటున్నాను అన్న మాట దగ్గర కలం ఆగింది. అంతకు ముందెన్నడూ రాయని మాట. యాదగిరి పేరు ఎక్కడా రాయలేదు.

శనివారం పొద్దున ఇద్దరం గదిలోకి వెళ్లాం. స్పిరిట్ సీసా నేనే తీశాను. "నేను తుడుస్త సార్" అన్నాడు యాదగిరి, కానీ చేయి ముందుకు రాలేదు. నేనే తుడిచాను. మూడు గుడ్డలు మార్చాల్సి వచ్చింది. రాగి మళ్లీ మెరిశాక అతను పేస్ట్ పెట్టి బిగించాడు. గంటసేపు నిమిషానికోసారి నేనే వేడి రాసుకున్నాను. అంకె డెబ్భై అయిదు దాటింది, డెబ్భై ఏడు దాటింది, డెబ్భై తొమ్మిది దగ్గర నిలబడిపోయింది. ఎంతసేపు చూసినా కదల్లేదు. యాదగిరి "బచ్ గయే సార్" అని, గండం గడిచినట్టు కుర్చీలో కూలబడ్డాడు. కొత్త నివేదిక, ఉపసంహరణ పత్రం రెండూ సంచిలో పెట్టుకుని అతని స్కూటర్ వెనక కూర్చుని నేనే బేగంపేటకు తీసుకెళ్లి ఇచ్చాను.

సోమవారం కమిటీ ఆర్డర్‌ను ఇద్దరికీ పంచింది. నా ఉపసంహరణ పత్రం చదివి అందరూ నవ్వారని, ఒకాయన మాత్రం నవ్వలేదని తర్వాత తెలిసింది. ఆ నవ్వని ఆయన నా సర్వీసు రికార్డులో మందలింపుగా ఒక వాక్యం రాశారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

శైలజకు జరిగిందంతా నేనే చెప్పాను. "మీరు చెప్పకపోతే నాకు ఎన్నటికీ తెల్వకపోతుండె సార్" అంది. ఆ ఏడాది దసరా తర్వాత ఇంకో రకం కూలర్ పరీక్షకు పంపింది. పెట్టె మూత మీద స్కెచ్ పెన్నుతో రూపాయి బిళ్లంత సున్నా గీసి, పక్కన 'బొట్టు ఈడ పెట్టున్రి' అని రాసి ఉంది. యాదగిరి దాన్ని పట్టుకుని గది గదికీ తిప్పి చూపించాడు. నేను వెక్కిరింపుకు ఉడుక్కున్నట్టు నటించి, ఆ సున్నాలోనే బొట్టు పెట్టాను. ఆ అట్టముక్క ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

యాదగిరీ రిటైరయ్యాడు. ఇప్పుడు ఫోన్లో నా మాటకు తెగ ఎదురు చెబుతాడు. మొదట్లో ఎదురు చెప్పమని నేనే బతిమాలాను. మిగిలిన మూడేళ్లూ ప్రతి నివేదిక మీద సంతకానికి ముందు అతన్ని ఒకటే అడిగేవాణ్ణి: నేను పెట్టింది ఏదైనా తుడవకుండా వదిలేశావా? రెండుసార్లు ఉందన్నాడు. రెండుసార్లూ అతని మాటే నిజమైంది.

కూలర్లను ఎలా పరీక్షించాలో నిబంధనల పుస్తకంలో ఉంది. అందులో లేనిది నేను నేర్చుకున్నది ఒక్కటే. పై అధికారి పెట్టిన బొట్టును కిందివాడు తుడవడు. పెట్టినవాడే తుడవాలి.